బండి మీది జిగురు, జిగురు క్రింది రంగు

ధర్మపురి యనగానే తెలుగు పాఠకునకు గోదావరి యొడ్డున జగిత్యాల సీమలో వెలసిన నరసింహక్షేత్రము మొదట స్ఫురించుట సహజమే గాని, ఈ వ్యాసమునకు విషయమైన ధర్మపురి అది కాదు. కృష్ణగిరికిని సేలమునకును నడుమ, 44వ జాతీయ రహదారిని ఆనుకొని, తొప్పూరు కనుమకు ఉత్తరముగా నున్న తమిళనాటి జిల్లా ముఖ్యపట్టణము. 1965వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన సేలము జిల్లానుండి విడివడిన ఈ జిల్లాలో, 2004లో కృష్ణగిరి ప్రత్యేక జిల్లా యగువరకు, హోసూరు కూడ అంతర్భాగమై యుండెను. ఇంట తెలుగును అంగడిలో తమిళమును మాటాడుచు, నడుమ నడుమ కన్నడపు పలుకులను గూడ చేర్చుకొని బ్రతుకు కుటుంబములు ఈ సీమలో పెక్కు కలవు. వారి ముంగిళ్లలో నేడు ఎడ్లబండి యుండిన నుండవచ్చును, లేకున్న లేకపోవచ్చును గాని, మోటారు సైకిలు మాత్రము తప్పక యుండును. ఆ మోటారు సైకిలుమీద ఏదో యొక స్టిక్కరు అంతకంటెను తప్పక యుండును.

హోసూరు మాట ఊరక ఎత్తలేదు. ఇరువురు కూర్చుండి పోదగిన మోపెడ్ టీవీయస్ 50 అను పేర 1980లో వెలువడినది అచటి కర్మాగారమునుండియే. సుజుకి సంస్థతోడి పొత్తున నూరు సీసీల మోటారు సైకిలు 1984లో వెలువడినదియు అచటినుండియే. అంతకు పూర్వము మన రోడ్లపై తిరిగిన బండ్ల సంగతి వేరు. చెన్నపట్టణమునకు చేరువనున్న తిరువొత్తియూరులో తయారగు బుల్లెట్టు ట్యాంకుపై బంగారు గీతను కుంచె పట్టిన పనివాడు చేతితో గీచెడివాడు. కొన్ని బండ్లకు పేరు చెక్కిన లోహపు బిళ్లను మరలతో బిగించెడివారు. కుంచె గీతకు జిగురు లేదు, మరకు జిగురు లేదు. నూరు సీసీల బండ్ల కాలమున ట్యాంకునకు ఇరువైపుల రంగురంగుల పట్టీలు స్టిక్కర్ల రూపమున వచ్చినవి. కంపెనీ యంటించినది చాలదన్నట్లు బండి గలవారు తామును అంటింప మొదలిడిరి. తిరుమల నామము, మురుగన్ వేలాయుధము, శబరిమల స్వామి, అభిమాన నటుని ముఖము, కులసంఘపు గుర్తు, ఎన్నికల వేళ పార్టీ జెండా, బిడ్డల పేర్లు — ఇవి యిష్టముగా అంటించుకొన్నవి. బండి అమ్మిన షోరూము పేరు, అప్పిచ్చిన ఫైనాన్సు కంపెనీ పేరు మనలను అడుగకయే యంటించినవి. అప్పు తీరినను ఆ స్టిక్కరు తీరదు. చెన్నపట్టణపు ట్రాఫిక్ పోలీసువారు 2024 మే 2 నుండి ప్రైవేటు వాహనములపై ప్రెస్, పోలీసు, న్యాయవాది మొదలగు హోదాలను చాటు అనధికార స్టిక్కర్లకు జరిమానా విధింతుమని ప్రకటించిన నాడు, హోదాలు గీకివేయు పని రాష్ట్రమున పలుచోట్ల ఒక్కసారిగ మొదలయ్యెను. కాగితమో ప్లాస్టిక్కో క్షణములో ఊడివచ్చును. క్రింద మిగిలిన బంక మాత్రము రోడ్డు దుమ్మునెల్ల తనపైకి పిలుచుకొని, అక్షరముల ఆకారముననే నల్లబడి నిలిచిపోవును.

దానిని పోగొట్టు ఉపాయములు దుర్లభములు కావు. కష్టమెల్ల అవి మితిమీరి దొరకుటయందే కలదు. ఒకరు కొబ్బరినూనె యందురు, ఒకరు కిరసనాయిలు, మరియొకరు గోళ్లరంగు తుడుచు ద్రవము. మెకానిక్కు దుకాణపు కుర్రవాడు “పెట్రోలు పెట్టి తుడిస్తే పోతుందన్నా” యని అడుగకమునుపే గుడ్డ తడుపును. వీరిలో ఎవ్వరును అబద్ధమాడుట లేదు. ప్రతివాడు తన బండిమీద తాను చూచినదానినే చెప్పుచున్నాడు. చిక్కేమనగా, వాని బండి మన బండి కాదు. జిగురు దేనితో పోవునని అందరును అడుగుదురు గాని, ఆ జిగురు క్రిందనున్న రంగు ఏ జాతిదని అడుగువారు అరుదు. నా యభిప్రాయమున ఈ రెండవ ప్రశ్నయే మొదట రావలెను. ఏలయన జిగురు కరగించు ద్రవ్యములు ఒకటి కాకున్న మరియొకటి దొరకును, ఒకటి పనిచేయకున్న రేపు వేరొకటి చూడవచ్చును, రంగు పోయినచో మరల వేయించుట తప్ప గత్యంతరము లేదు.

రంగును చెరుపక అంటుకొని, రంగును చెరుపక విడివడు జిగురుకొరకు మొదట వెదకినది మోటారు బండ్లకు రంగులు వేయువారే యనుట ఈ విషయచరిత్రలోని ముచ్చటైన యంశము. 1920 తరువాతి యేండ్లలో అమెరికాలో కార్లకు రెండు రంగులు వేయించు వేడుక ప్రబలెను. ఒక రంగు వేయునపుడు రెండవ భాగమును కాగితముతో కప్పి, గట్టి జిగురుతోనో వైద్యులు వాడు పట్టీతోనో అంటించి, పని ముగిసిన పిదప లాగగా, కాగితముతోపాటు క్రొత్త రంగును ఊడివచ్చెడిది. మిన్నెసోటా రాష్ట్రమున సెయింట్ పాల్ నగరములో అట్టి పనివారి శాపనార్థములను స్వయముగా విన్న రిచర్డ్ డ్రూ అను యువకుడు, అప్పటికి ఉప్పుకాగితములు చేసి యమ్ముచుండిన 3ఎం సంస్థలో ఉద్యోగి, 1925లో మాస్కింగ్ టేపును తయారుచేసెను. 1930లో పారదర్శకమైన టేపును అతని చేతిమీదుగనే వచ్చెను. 1935లో లాస్ ఏంజిలెస్ నగరమున స్టాంటన్ ఏవరీ యనునతడు వెనుక జిగురు పూసిన చీటీలను, ఒలిచి అంటించుటకు వీలుగా, యంత్రముమీద చేయ నారంభించెను. నేడు మన ట్యాంకులపై నున్న ప్రతి స్టిక్కరును ఆ వంశములోనిదే. డ్రూ చేసిన టేపు కొలది గంటలలో తీసివేయుటకు ఉద్దేశింపబడినది గాని, మన స్టిక్కర్లు పదేండ్ల యెండకు వానకు ఓర్చునట్లు చేయబడినవి. ఊడదీయు సౌకర్యమును అమ్మువాడు వాగ్దానము చేయలేదు.

ఈ జిగురులు నీటితో కలిపి ఆరబెట్టు మైదా బంక వంటివి కావు. ఇవి ఎన్నడును ఆరవు. ద్రవమువలె పాకి యుపరితలమునందలి సూక్ష్మమైన యెగుడుదిగుడులలో జొచ్చును. లాగినపుడు ఘనమువలె ప్రతిఘటించును. ఆ రెండు స్వభావముల నడుమ నుండుటయే వాని బలము. ఇవి ముఖ్యముగా రెండు తెగలు. మొదటిది రబ్బరును, చెట్ల బంకవంటి రెజినును కలిపి చేసినది. చవుక స్టిక్కర్లలో, కాగితపు చీటీలలో ఇది తరచుగా కనబడును. ఎండ తగిలిన కొలది పసుపుబారి, మొదట మెత్తనై సాగుచు, తుదకు పెళుసై పెచ్చులుగా విరుగును. రెండవది ఆక్రిలికు జాతి; ఇది తెల్లగా, స్వచ్ఛముగా నుండి, యెండకు సులభముగా చెడక, నాళ్లు గడచిన కొలది పట్టు హెచ్చించుకొనును. బండి కంపెనీలు అంటించు పట్టీలు, నాణ్యమైన వినైలు స్టిక్కర్లు సామాన్యముగా ఈ రెండవ తెగవి. పనసకాయ కోయుటకు మునుపు చేతులకును కత్తికిని నూనె రాచుకొను గృహిణికి మొదటి తెగ జిగురు స్వభావము శాస్త్రము చదువకయే తెలిసియున్నది: పనసపాలకును రబ్బరుపాలకును చుట్టరికము కలదు, రెండును నీటిని లెక్కచేయవు, రెండును నూనెకు లొంగును. ఆక్రిలికు జిగురు నూనెకు అంత త్వరగా లొంగదు. దానికి ఆల్కహాలు వంటి మరియొక స్వభావము గల ద్రవము కావలెను. ఒకరికి కొబ్బరినూనె పనిచేసి వేరొకరికి చేయకపోవుటకు సగము కారణ మిదియే.

మిగిలిన సగము రంగునందున్నది. కర్మాగారమునుండి వచ్చిన లోహపు ట్యాంకుమీది రంగు ఒక పొర కాదు. అడుగున తుప్పునాపు పూత, దానిపై మరియొక పూత, దానిపై వర్ణము, అన్నిటికి మీద రంగులేని పారదర్శకపు లక్కపొర. అన్నియు కలిపి సుమారు 100 మైక్రాన్లు. మీది పారదర్శకపు పొర 40 మైక్రాన్ల ప్రాంతము, అనగా తలవెండ్రుక మందము కంటె తక్కువ. లోహముపైనున్న యీ పొర 140 డిగ్రీల ప్రాంతపు వేడిలో కాలి గట్టిపడినది గావున కిరసనాయిలు, ఆల్కహాలు వంటివి కొలది నిముషములు తగిలినను చెక్కుచెదరదు. పక్క ప్యానెళ్లు, మడ్‌గార్డులు, ముందరి ముఖపు తొడుగు ప్లాస్టిక్కువి. వానిని అంత వేడిలో కాల్చిన మెత్తబడి వంగును గావున 80 డిగ్రీల ప్రాంతమున గట్టిపడు వేరొక జాతి రంగు వేయుదురు. ఇక మూడవది, ధర్మపురి వంటి యూళ్లలో అన్నిటికంటె ప్రమాదమునకు గురియగునది, పాత బండిపై స్థానికముగా వేయించిన రంగు. రంగువేయు దుకాణములలో డ్యూకో యని వ్యవహరింపబడు ఈ నైట్రోసెల్యులోజు రంగు, 1920 తరువాతి యేండ్లలో అమెరికా కార్లకు వచ్చిన లక్కరంగు వంశములోనిది. థిన్నరులో కరగి, థిన్నరు ఆవిరియైపోవుటచేతనే గట్టిపడినది గావున, ఎన్నేండ్లైనను థిన్నరు తగిలిన మరల కరగును. పీయూ యనబడు రెండు డబ్బాల రంగు వేసిన పనివాడు దాని గట్టితనమును గూర్చి చెప్పియే యుండును, ఏలయన దానికి ధర యెక్కువ తీసికొనియుండును; ఏమియు చెప్పని చోట డ్యూకో యని తలచుట క్షేమము.

సందేహమున్నచో సీటు క్రింద ట్యాంకు అంచున, ఎవ్వరికిని కనబడని చోట, తెల్లని గుడ్డను తాను వాడదలచిన ద్రవముతో కొంచెము తడిపి, కొంతసేపు ఆనించి చూడవలెను. గుడ్డకు వర్ణ మంటిన, అది పారదర్శకపు పొర లేని రంగు. ఆ ద్రవమును దూరముగ నుంచవలెను. గుడ్డ తెల్లగనే వచ్చినంత మాత్రమున నిశ్చింత పనికిరాదు. మీది పొరకు వర్ణము లేదు గదా, అది కరగినను గుడ్డ తెల్లగనే యుండును. వ్రేలితో తాకిన జిడ్డుగానో మెత్తగానో తోచిన, మెరుపు మందగించిన, అదియు నిషేధమే. ఈ చిన్న పరీక్ష చేయని వారే తరువాత ద్రవమును నిందింతురు.

ఇంకొక విచారణ కూడ ముందే జరుగవలెను. ఊడదీయదలచినది కంపెనీ పట్టీ యైనచో, అది పారదర్శకపు పొరకు మీదనున్నదా క్రిందనున్నదా? అంచుమీదుగా వ్రేలి కొనను నడపిన మెట్టు తగిలెనేని సామాన్యముగా మీదిది; నునుపుగా జారిపోయెనేని పట్టీని అంటించిన తరువాత లక్కపొర పూసిరని యర్థము. ఆ పట్టీని ఏ నూనెయు, ఏ తైలమును చేరజాలదు. ఉప్పుకాగితముతో పొరను కోసి మరల రంగు వేయించుట యొక్కటే దారి. అంత కష్టము ఆ పట్టీ చేసిన నేరమునకు తగినదా యని ఆలోచించుకొనవలెను.

స్టిక్కరు ఊడదీయు విధముననుసరించి జిగురు మిగులుట హెచ్చుతగ్గులగును. క్రొత్త స్టీలు గిన్నె మీది చీటీని పొయ్యి సెగకు చూపి ఒలుచుట మన యిండ్లలో తెలియని వారు లేరు. వేడికి జిగురు మెత్తనై పట్టు సడలును. పెట్రోలు నిండిన ట్యాంకునకు సెగ చూపుమని ఎవ్వరును చెప్పరు గాని, జుట్టు ఆరబెట్టు యంత్రముతోనో, లేనిచో ఉదయపుటెండలోనో ఆ పని జరుగును. ఏప్రిలు మే మాసములలో ధర్మపురి మధ్యాహ్నమున నల్లని ట్యాంకు 60 డిగ్రీలు దాటుట అరుదు కాదు. అప్పుడు ఒలిచిన మేలని తోచవచ్చును, కాని మితిమీరిన వేడిలో జిగురు తనలో తానే రెండుగా చీలి, సగము ప్లాస్టిక్కుతో పోయి సగము రంగుమీదనే నిలుచును. గోరువెచ్చగా నున్నపుడు, ఒక మూల లేపి, నిట్టనిలువున పైకి లాగక, వెనుకకు మడచి ఉపరితలమునకు దగ్గరగా, తొందర లేక లాగిన ఎక్కువ జిగురు దానితోనే వచ్చును. మిగిలిన దానిపై అదే స్టిక్కరు జిగురువైపునో, మంచి పట్టుగల టేపునో అదిమి లాగుచు పోయిన మరికొంత వచ్చును. బొటనవ్రేలితో నలిపి ఉండలుగా చుట్టి తీయుటయు మేలే. ద్రవముతో పని లేకయే పోవు జిగురు చాలమంది తలచుదానికంటె అధికము.

ద్రవములలో మొదటి స్థానము నేను నూనెలకే యిత్తును. కొబ్బరినూనె, నువ్వులనూనె రంగునకు హాని చేయవు, నిప్పురవ్వకు సులభముగ అంటుకొనవు, చేతిని పాడుచేయవు. వాని లోపమొక్కటే, నెమ్మది. రాచి వెంటనే తుడుచువానికి అవి పనికిరానివిగా తోచును. దూదిని నూనెలో తడిపి, జిగురుపై పరచి, అరగంటయో గంటయో వదలినచో రబ్బరు జాతి బంక ఉబ్బి మెత్తనై, మెత్తని గుడ్డకు ముద్దగా వచ్చివేయును. దీనికి మించిన బలము కావలెనన్న, మన పొరుగుననే కొండలున్నవి. 1843లో నీలగిరులకు యూకలిప్టసు మొక్కలు వచ్చిన నాటినుండి ఆ చెట్లు ఉదకమండలపు చుట్టుప్రక్కల వనములై వ్యాపించినవి. వాని యాకులనుండి దిగిన నీలగిరి తైలము, సగమునకు పైగా సినియోలు అను ద్రవ్యముతో నిండినది, జలుబునకు ఛాతీపై రాయుటకు ఈ జిల్లాలో ప్రతి యింట సీసాలో కలదు. రబ్బరు జిగురును మెత్తబరచుటలో ఇది కొబ్బరినూనె కంటె ఎన్నో రెట్లు చురుకైనది, ఆక్రిలికు జిగురుపై గూడ కొంత పనిచేయును. ఆస్ట్రేలియా వాసులు, ఆ చెట్టు పుట్టిల్లు వారిది గదా, మరకలకు జిగురులకు దీనినే వాడుదురు. ఇది నూనె యను పేరు గలిగినను కొబ్బరినూనెవలె నిరపాయమైనది కాదు. డ్యూకో రంగుమీద, మెత్తని ప్లాస్టిక్కుమీద ఎక్కువసేపు నిలిపిన మెత్తబరచును. దూదికి కొలది చుక్కలు వేసి, ఒకటి రెండు నిముషములలో తుడిచి, అవసరమైన మరల వేయుట మంచిది. నారింజ తొక్కల తైలముతో చేసి అంగళ్లలో అమ్ము ద్రవములకును ఈ మాటయే వర్తించును.

కిరసనాయిలు మన పెద్దల సర్వరోగ నివారిణి. రేషను దుకాణములలో నీలిరంగు కలిపి యిచ్చెడి ఆ నూనె ఇప్పుడు దొరకుటే గగనమైనది గాని, దొరకినచోట రబ్బరు జిగురునకు అది మంచి మందు, కర్మాగారపు రంగును చెరుపదు. దానిని గూర్చి చెప్పవలసిన జాగ్రత్త వేరు. కిరసనాయిలు ఆవిరి నిప్పురవ్వకు అంటుకొనుటకు 35, 40 డిగ్రీల ప్రాంతపు వేడి చాలును. అది మన వేసవి మధ్యాహ్నపు వేడియే, ఎండలో నిలిపిన ట్యాంకు దానికి ఎంతయో పైన నున్నది. నీడలో, ట్యాంకు చల్లబడిన పిదప పనిచేయవలెననుట ఆచారము కాదు, లెక్క. డబ్ల్యూడీ-40 యను నీలిపసుపు డబ్బా కూడ ప్రధానముగా ఈ పెట్రోలియము జాతిలోనిదే. 1953లో అమెరికాలోని శాన్ డియెగో నగరమున తేమను తరిమి తుప్పు నాపుటకై నలుబదియవ ప్రయత్నమున కుదిరినదని దానికా పేరు వచ్చెను, మొదట అట్లాసు క్షిపణుల మేనికి పూసిరి. జిగురు తీయుట దాని పుట్టుకకు ఉద్దేశము కాకున్నను, మెల్లగా ఆవిరియగుటచేతను జిడ్డు కలదగుటచేతను ఆ పనికి చక్కగా నొదిగినది.

పెట్రోలు విషయమున నేను కుర్రవానితో ఏకీభవింపను. అది జిగురును కరగించుట నిజమే. కాని అది గడ్డకట్టు చలిలో గూడ మండదగిన ఆవిరి నిచ్చునది, రక్తమునకు హానికరమైన బెంజీను కొంత కలది, పైగా ఇప్పుడు 20 శాతము వరకు ఇథనాలు కలిసి వచ్చుచున్నది. పాత బండ్ల ట్యాంకు మూత చుట్టు డ్యూకో రంగు ఉబ్బి, మసకబారి, పెచ్చులూడి యుండుటను ఎల్లరు చూచియే యుందురు; బంకులో పోయునపుడు పొర్లిన చుక్కలు చేసిన పని అది. చుక్కలే అంత చేసినపుడు తడిగుడ్డతో రుద్దినచో ఏమగునో ఊహింప కష్టము లేదు. డీసెలు మండుటలో ఇంత చురుకు లేనిది గాని, తుడిచినను పోని జిడ్డును, వాసనను మిగుల్చును.

2020 తరువాత ప్రతి యింటను శానిటైజరు సీసాలు మిగిలిపోయినవి. ఆల్కహాలు ఆక్రిలికు జిగురును ఉబ్బించి పట్టు సడలించును, త్వరగా ఆరిపోవును, జిడ్డు నుంచదు. నూనె చేతగాని చోట ఇది రెండవ మెట్టు. శానిటైజరు జెల్లు కంటె మందుల దుకాణములో దొరకు ఐసోప్రొపైలు ఆల్కహాలు శుభ్రమైన సాధనము. కర్మాగారపు లక్కపొరపై కొలదిసేపు భయము లేదు; డ్యూకోపై భయము కలదు; వెనుక దీపపు ఎఱ్ఱని ఆక్రిలికు అద్దముపై మాత్రము ఎన్నడును వాడరాదు, లోపల సన్నని జాలిపగుళ్లు పుట్టును, అవి పోవు దారి లేదు. గోళ్లరంగు తుడుచు ఎసిటోనును, రంగులవారి థిన్నరును గూర్చి ఎక్కువ వ్రాయనక్కరలేదు: అవి జిగురును తీయును, డ్యూకోను తీయును, ప్లాస్టిక్కు ప్యానెలును కరగించును, కర్మాగారపు రంగు మెరుపును గూడ ఆలస్యమైన చెరచును. చింతపండు, నిమ్మరసము, మజ్జిగ మొదలగు పులుపులు రాగికి ఇత్తడికి మెరుగు పెట్టునవి. రబ్బరుకును ఆక్రిలికునకును వానితో నిమిత్తము లేదు.

రంగునకు కలుగు గాయములలో అత్యధికము ద్రవముల వలన గాక చేతి వలననే కలుగుచున్నవని చెప్పవలసియున్నది. బ్లేడుతో, చాకు మొనతో, గిన్నెలు తోము ఇనుప పీచుతో గీకినవాడు జిగురును తీసెను గాని దాని స్థానమున గీతలను నిలిపెను. వీరు స్పష్టముగ దోషులు. తాము దోషులమని యెఱుగనివారు గుడ్డతో రుద్దువారు. ఈ ప్రాంతపు వర్కుషాపులన్నిటను తిరుప్పూరు బనియను మిల్లుల వేస్టు గుడ్డలే వాడుక. అవి మెత్తనివే గాని కుట్టు అంచులు, నైలాను దారములు, అంతకుముందు తుడిచిన చైను మడ్డి, రహదారి ఇసుక వానిలో నుండును. గ్రానైటు లారీలు తిరుగు రోడ్ల దుమ్ము జిగురులో కూరుకొనియున్నది. దానిని నొక్కి గుండ్రముగా రుద్దుట యనగా మన చేతితో మనమే సాన పట్టుట. మొదట సబ్బునీటితో దుమ్మును కడిగి, పిదప ద్రవము వేసి, ఉతికిన పాత పంచె ముక్కతోనో మైక్రోఫైబరు గుడ్డతోనో ఒకే దిక్కునకు తుడిచి, ప్రతి తుడుపునకు గుడ్డ ముఖము మార్చవలెను. గీకక తప్పని చోట ప్లాస్టిక్కు కార్డును వాడుడు, లోహమును వాడకుడు. డ్రిల్లు యంత్రమునకు తగిలించు రబ్బరు చక్రము పెద్ద పట్టీల జిగురును వేగముగా ఉండలుకట్టి తీయును, నేర్పరి చేతిలో మంచి సాధనమే. ఒకే చోట నిలిపిన పుట్టు వేడికి లక్కపొర కాలును గావున నేర్పు లేనివారు ప్లాస్టిక్కు ప్యానెళ్లమీద దానిని ప్రయత్నింపరాదు. రబ్బింగ్ కాంపౌండు జిగురు తీయుటకు గాదు, జిగురు పోయిన పిదప సన్నని గీతలను మాయము చేయుటకు. ప్రతిసారియు ఆ 40 మైక్రాన్ల పొరలో కొంత పోవును.

అంతయు చేసిన పిదప గూడ కొందరికి స్టిక్కరు ఆకారము కనబడుచునే యుండును. వారు జిగురు పోలేదనుకొని మరింత బలమైన ద్రవమునకు పోవుదురు. ఆపద అక్కడనే కలదు. వ్రేలితో తాకి చూడవలెను. జిడ్డు లేదు, మెట్టు లేదు, గుడ్డ జారిపోవుచున్నది — అయినచో అది జిగురు కాదు. ఆ చుట్టు రంగు ఏండ్లతరబడి యెండకు వెలసినది, స్టిక్కరు క్రిందిది వెలయలేదు. కనబడునది మరక గాదు, బండి కొన్ననాటి అసలు రంగు. ఎఱుపు బండ్లమీద ఇది మరింత స్పష్టము. లోకమున ఏ ద్రావకమును దీనిని తీయలేదు. చుట్టునున్న వెలసిన పొరను పాలిషు చేసి మెరుపు తెచ్చిన భేదము కొంత తగ్గును, మిగిలినది ఎండయే కాలక్రమమున సరిచేయును. దీనికి విలోమముగ, తుడిచిన చోటు మాత్రమే మసకగా నున్న, రంగు పోయెనని బెదరనక్కరలేదు. ద్రావకము అచటి వాక్సును గూడ తుడిచివేసినది, వాక్సు వేసిన మరల వచ్చును. మూడవ భ్రాంతి నీటి మరకలు. ధర్మపురి భూగర్భజలములలో ఫ్లోరైడు అధికమై జనుల పండ్లను ఎముకలను పీడించుచుండుట చేతనే 2013లో హొగెనేకల్ కావేరీ జలముల పథకము వచ్చెను. త్రాగుటకు ఆ నీరు, బండి కడుగుటకు మాత్రము చాలచోట్ల నేటికిని బోరు నీరే. ఆ నీటిలోని లవణములు ఎండలో ఆరిన తెల్లని చుక్కలై జిగురు మరకలవలె తోచును. వానిని నూనెతో ఎంత తుడిచినను పోవు. నీటిలో కలిపిన కొంచెము వెనిగరుతో తుడిచి కడిగిన పోవును. పులుపునకు ఈ వ్యాసమున దొరకిన చోటు ఇదియొక్కటే.

మెరుపులేని మ్యాట్ రంగుల బండ్లు నేడు యువకుల ఇష్టము. వానిపై పాలిషు, కాంపౌండు, వాక్సు మూడును నిషిద్ధములు. రుద్దినచోటు మెరిసి శాశ్వతమైన మచ్చ యగును. నూనెతో నానబెట్టుట, సబ్బునీటితో రుద్దక కడుగుట — అంతవరకే. హెల్మెట్టు సంగతి ఇంకను గంభీరము. దాని చిప్ప తరచుగా పాలికార్బొనేటు లేక ఏబీఎస్ ప్లాస్టిక్కు. పెట్రోలు, థిన్నరు, కొన్ని జిగురులు గూడ దానిని కంటికి కనబడకుండ బలహీనపరచును, లోపలి థర్మాకోలు వంటి పొరను ఎసిటోను నిలువున కరగించును. రంగు చెడిన ట్యాంకు చూచుటకే కష్టము. చెడిన హెల్మెట్టు తొప్పూరు దిగుడులో తలకు కష్టము. దానిపై స్టిక్కరు జిగురునకు సబ్బునీరు, వంటనూనె తప్ప మరేదియు వలదు.

రంగు మరల వేయించుకొన్నవారు ఆ సాయంకాలమే పాత నామమునో పాత వేలాయుధమునో అంటింప త్వరపడుదురు. పైకి ఆరినట్లు తోచినను లోపలి థిన్నరు బయటికి పోవుటకు వారములు పట్టును. అంతలో ప్లాస్టిక్కు మూసిన, అది బుడగలై లేచుటయో, స్టిక్కరు తీసిననాడు రంగు దానితో వచ్చుటయో జరుగును. ఒక నెల గడువు నిచ్చి, ట్యాంకుమీద గాక ముందరి అద్దమువంటి తొడుగుమీదనో, లేక మొదట పారదర్శకమైన రక్షణ ఫిల్మును పరచి దానిపైననో అంటించిన, తరువాత తీయవలసి వచ్చినపుడు ఫిల్ముతో సహా వచ్చివేయును.